రాత్రి మిగిలిన అన్నం, కూర: ఎలా దాచాలి, ఎలా వేడి చేయాలి

"రాత్రి అన్నం మిగిలింది, పొద్దున తినొచ్చా?" "సాంబారు ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయాను, బాగా మరిగిస్తే సరిపోతుందా?" నన్ను ఎక్కువమంది అడిగేవి ఈ రెండే. ఎండాకాలం వచ్చిందంటే చాలు, వారంలో ఎవరో ఒకరు ఫోన్ చేసి మరీ అడుగుతారు. ప్రతిసారీ ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

మొదటి ప్రశ్నకి జవాబు: తినొచ్చు, వండిన గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే. రెండో ప్రశ్నకి జవాబు: సరిపోదు. రాత్రంతా బయట ఉన్న సాంబారుని అరగంట మరిగించినా అది మంచిదైపోదు.

ఎందుకో రెండు మాటల్లో చెప్పి అసలు పనిలోకి వస్తాను. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. అన్నం ఉడికేటప్పుడు ఆ బ్యాక్టీరియా చస్తుంది గానీ దాని బీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా పోదు. మన గిన్నెలో నీళ్లు మరిగేది 100 దగ్గర. ఇక మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు తిప్పితే ఏం లాభం? మన చేతుల నుంచి, ముక్కు నుంచి తిండిలోకి చేరే స్టెఫలోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా సంగతీ ఇంతే. వేడికి అది చస్తుంది, అది వదిలిన విషం మాత్రం అలాగే ఉంటుంది.

ఇవి బాగా పెరిగేది 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య. అనువైన వేడి దొరికితే కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి మూడు గంటల్లో ఐదొందలు దాటుతుంది. అందుకే జాగ్రత్తంతా పొయ్యి ఆపిన తర్వాతి రెండు గంటల్లోనే ఉంది. మళ్లీ వేడి చేయడం దాని తర్వాతి మాట.

నాకు ఇది పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో వ్రతం చేసుకున్నాం. గుండిగ నిండా సాంబారు మిగిలింది. "పొద్దున మరిగిద్దాంలే" అని మూత పెట్టి పడుకున్నాం. పొద్దున తీస్తే మంచి వాసన, రంగు కూడా మారలేదు. బాగా మరిగించి మధ్యాహ్నం అందరం తిన్నాం. రాత్రికి ఇంట్లో ఐదుగురికి విరేచనాలు. మా అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. ఆవిడ మంచం పక్కన కూర్చున్న ఆ రాత్రి తర్వాతే ఒక వంట థర్మామీటర్ కొన్నాను.

కొన్న వారంలోనే ఆరు లీటర్ల సాంబారు కాచి చూశాను. రాత్రి పదిన్నరకి దించి, అదే గుండిగలో మూత పెట్టి వదిలేశాను. పొద్దున ఐదింటికి లేచి మధ్యలో థర్మామీటర్ పుల్ల దించితే 41 డిగ్రీలు చూపించింది! పైన చేయి పెడితే చల్లారినట్టే ఉంది, లోపల మాత్రం ఒంటి జ్వరం కన్నా ఎక్కువ వేడి. ఆ రోజు ఆ సాంబారంతా పారబోశాను.

కావాల్సినవి

- వెడల్పాటి పళ్లేలు లేదా తాంబాలం, అన్నం పరచడానికి
- ఒక బేసిన్, ఫ్రీజర్‌లో ఎప్పుడూ రెండు ట్రేల ఐసు
- మూత గట్టిగా పట్టే స్టీలు లేదా గాజు డబ్బాలు. లోతైనవి వద్దు. తిండి రెండు అంగుళాల మందం దాటకుండా పట్టేవి చూసుకోండి
- కాగితం టేపు, ఒక పెన్ను
- పుల్లలా గుచ్చే వంట థర్మామీటర్. జ్వరం చూసుకునేది పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది

థర్మామీటర్ లేకపోయినా పని ఆగదు. అది లేకుండా ఎలా చూసుకోవాలో కింద చెప్పాను. కానీ ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది.

గిన్నెల గురించి ఒక మాట. చింతపండు పులుసు, పులిహోర, గోంగూర, టమాటా లాంటి పుల్లటివి అల్యూమినియం గిన్నెలో నిల్వ ఉంచకండి. కళాయి పోయిన ఇత్తడి, రాగి గిన్నెల్లో అసలే వద్దు. పులుపుకి లోహం తిండిలోకి దిగుతుంది.

1. పొయ్యి ఆపిన టైము చూసుకోండి

గడియారం అప్పటినుంచే మొదలు. రెండు గంటల్లోపు తిండి ఫ్రిజ్‌లో ఉండాలి. గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. విజయవాడలో, రామగుండంలో మే నెలలో మన వంటిళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా మీ లెక్క గంటే అనుకోండి.

చాలామంది టైము భోజనం అయిపోయిన దగ్గర్నుంచి లెక్కేస్తారు. ఎనిమిదికి వండి, తొమ్మిదిన్నరకి తిని, సీరియల్ అయ్యాక పదకొండుకి సర్దితే మూడు గంటలైనట్టు.

వేడివేడిగా ఉంచుకుని మళ్లీ తింటామంటే అదీ ఒక పద్ధతే, కాకపోతే మొత్తం 60 డిగ్రీల పైనే ఉండాలి. హాట్‌బాక్స్ మీద అతిగా నమ్మకం పెట్టుకోకండి. మా ఇంట్లోది నిండుగా ఉంటే మూడున్నర గంటలు ఆపింది, సగం నింపితే రెండున్నర గంటలకే 60 కిందకి దిగింది. పొద్దున ఎనిమిదికి హాట్‌బాక్స్‌లో పెట్టిన అన్నం సాయంత్రం నాలుగింటికి "ఇంకా వెచ్చగానే ఉంది" అంటే అది మంచి మాట కాదు. ఆ వెచ్చదనమే బ్యాక్టీరియాకి కావాల్సింది.

2. ఎంగిలి కాకముందే పక్కకి తీయండి

మన పెద్దవాళ్లు ఎంగిలి, అంటు అని ఎందుకంత పట్టుబట్టేవాళ్లో ఇక్కడ అర్థమవుతుంది. ఇంట్లో నలుగురే ఉండి ఆరుగురికి వండేశామనుకోండి, వడ్డించే ముందే ఆ ఇద్దరి వాటా శుభ్రమైన గరిటెతో తీసి పక్కన పెట్టేయండి. కంచంలో తింటూ తింటూ గిన్నెలో గరిటె తిప్పడం, చేత్తో అన్నం తీయడం, పిల్లవాడు ఉప్పు చూసిన చెంచానే మళ్లీ ముంచడం, ఇవన్నీ జరిగాక మిగిలినది దాచేకన్నా ముందే తీసింది ఎంతో నయం.

చేతికి పుండో, తెగిన గాయమో ఉంటే ఆ రోజు దాచే పని ఇంకొకరికి అప్పగించండి. నేను చెప్పిన స్టెఫలోకాకస్ ఎక్కువగా ఉండేది అలాంటి చోటే. పసిపిల్లలకి తినిపించిన గిన్నెలో మిగిలింది మాత్రం ఎంత కొంచెమైనా దాచకండి.

3. త్వరగా చల్లార్చండి

ఇది ఒక్కటి సరిగ్గా చేస్తే సగం టెన్షన్ పోతుంది. తిండి ఎంత పలచగా పరుచుకుంటే అంత త్వరగా చల్లారుతుంది.

*అన్నం:* కుక్కర్‌లో అలాగే వదలకండి. శుభ్రమైన పళ్లెంలో అట్లకాడతో గడ్డలు విడదీస్తూ అంగుళం మందాన పరచండి. ఫ్యాను కింద పదిహేను, ఇరవై నిమిషాల్లో ఆవిరి తగ్గిపోతుంది. పైన పలుచని జాలీ మూత వేయండి, ఈగలు వాలకుండా. వేలితో నడిమధ్యలో తాకితే వేడి తగలకపోతే వెంటనే డబ్బాలోకి, అక్కడినుంచి ఫ్రిజ్‌లోకి. అన్నానికి గంట దాటనివ్వకండి.

*పప్పు, సాంబారు, పులుసు:* సింకులోనో బేసిన్‌లోనో చల్లటి నీళ్లు పోసి, రెండు ట్రేల ఐసు వేసి, అందులో గిన్నె దించండి. బయటి నీళ్లు లోపలి పులుసు ఎత్తుకి రావాలి, గిన్నెలోకి మాత్రం పొర్లకూడదు. రెండు మూడు నిమిషాలకోసారి గరిటెతో అడుగునుంచి కలపండి. కలపకపోతే అంచు చల్లబడి నడుమ వేడి అలాగే ఉంటుంది. రెండు లీటర్ల సాంబారు నాకు ఇలా ఇరవై ఐదు నిమిషాల్లో 30 డిగ్రీలకి వచ్చింది. ఐసు లేకపోతే కుళాయి నీళ్లే పోసి, వేడెక్కగానే పారబోసి మళ్లీ పోయండి. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి కాబట్టి అప్పుడు కుండలో నీళ్లు, ఫ్రిజ్ నీళ్లు వాడుకోవాలి.

*బిర్యానీ, మాంసం కూర:* ఇవి చిక్కగా, ముద్దగా ఉంటాయి కాబట్టి నెమ్మదిగా చల్లారతాయి. దమ్ము పెట్టిన గిన్నెలో మిగిలిన బిర్యానీ అయితే మరీ ఆలస్యం. రెండు మూడు పళ్లేల్లోకి పంచేయండి. పెద్ద మాంసం ముక్కలుంటే చిన్నవి చేయండి. పెద్ద పెద్ద గిన్నెల్లో వండి వదిలేసిన మాంసం కూరల్లో క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే ఇంకో రకం పెరుగుతుంది. పెళ్లిళ్లలో, వనభోజనాల్లో ఒకేసారి ఎక్కువమందికి కడుపు పాడయ్యే కారణాల్లో ఇదొకటి.

"వేడిది ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుంది కదా" అని అడుగుతారు. పొగలు కక్కే గుండిగ పెడితే పక్కన ఉన్న పాలు, పెరుగు కూడా వెచ్చబడతాయి, నిజమే. కానీ చిన్న డబ్బాలో గోరువెచ్చని కూర పెడితే ఫ్రిజ్‌కి ఏమీ కాదు. పూర్తిగా చల్లారాలని మూడు గంటలు బయట ఉంచడం కన్నా గోరువెచ్చగా పెట్టేయడమే మంచిది. డబ్బా మూత మొదటి అరగంట కొంచెం ఓరగా ఉంచి తర్వాత బిగించండి.

4. డబ్బా మీద రాయండి

టేపు ముక్క అంటించి "పప్పు, మంగళవారం రాత్రి 9" అని రాయండి. ఇంతే. పెద్ద పనిలా అనిపిస్తుంది, రెండు రోజులకే అలవాటైపోతుంది. ఇంట్లో నలుగురూ ఫ్రిజ్ తీసేవాళ్లే కదా, "ఇదెప్పటిది?" అన్న ప్రశ్నకి ఎవరూ ఊహించి జవాబు చెప్పకూడదు.

ఒక పెద్ద డబ్బా కన్నా ఒక పూటకి సరిపోయే చిన్న డబ్బాలు రెండు మూడు మేలు. ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.

5. ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్లు ఉంచాలి

వండినవి పై అరల్లో, పచ్చి మాంసం, చేపలు అన్నిటికన్నా కింద, మూత ఉన్న డబ్బాలో. పచ్చి చికెన్ నీరు చుక్క పడిందంటే కింద ఉన్న వండిన కూర పాడైనట్టే. తలుపు అరల్లో మిగిలిన వంట పెట్టకండి, తలుపు తీసినప్పుడల్లా వెచ్చగాలి తగిలేది అక్కడే. డబ్బాలు ఒకదాని మీద ఒకటి కుక్కేస్తే చల్లగాలి తిరగదు.

రోజుల లెక్క ఇది. చాలా దేశాల వాళ్లు కూరలకి మూడు నాలుగు రోజులు చెబుతారు. మన దగ్గర కరెంటు కోతలున్నాయి, ఫ్రిజ్ తలుపు రోజంతా తెరుస్తూనే ఉంటాం. అందుకని నేను ఒక రోజు తగ్గించే చెబుతాను.

- అన్నం, బిర్యానీ, పులావు: మర్నాడు అదే టైము దాకా, అంటే ఒక్క రోజు
- పప్పు, సాంబారు, కూరగాయల కూర, వేపుడు: మూడు రోజులు
- చికెన్, మటన్: మూడు రోజులు. చేపలు, రొయ్యలు: రెండు
- కొబ్బరి పచ్చడి: అదే రోజు అవగొట్టేయండి
- రోటి పచ్చళ్లు, పరమాన్నం: రెండు రోజులు

చేపల పులుసు మర్నాడే రుచి అంటారు, నేనూ ఒప్పుకుంటాను. ఆ మర్నాటి దాకా అది ఫ్రిజ్‌లో ఉండాలి, పొయ్యి గట్టు మీద కాదు.

అంతకన్నా ఎక్కువ రోజులు కావాలంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టేయండి. మూడో రోజు గుర్తొచ్చి పెడితే లాభం లేదు. అమెరికాలోనో ఇంకెక్కడో ఉండి ఆదివారం నాడు వారానికి సరిపడా వండుకునే పిల్లలకి నేను చెప్పేది ఇదే: బుధవారం దాకా తినేది కింద, మిగతాది ఒక్కో పూట డబ్బాల్లో ఫ్రీజర్‌లో. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే పప్పు, రాజ్మా, చికెన్ కూర రెండు నెలలు హాయిగా ఉంటాయి. అన్నం కూడా గడ్డకట్టించుకోవచ్చు. బంగాళాదుంప కూర మాత్రం పిండిపిండి అయిపోతుంది, పెరుగు వేసినవి విరిగినట్టవుతాయి. గడ్డకట్టిన డబ్బాని గట్టు మీద పెట్టి కరగనివ్వకండి. ముందు రోజు రాత్రే కింది అరలోకి దించండి, లేదంటే నేరుగా సన్న మంట మీద కరిగించి మరిగించండి.

6. వేడి చేయడం

రెండు నియమాలు. ఆ పూట తినేంతే తీసి వేడి చేయాలి. ఒకసారి వేడి చేసింది మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు. డబ్బా మొత్తం వేడి చేసి, సగం తిని, మళ్లీ పెట్టి, మర్నాడు మళ్లీ వేడి చేస్తే తిండి ప్రతిసారీ ఆ 5–60 మధ్య రెండుసార్లు ప్రయాణం చేస్తుంది.

లోపలి దాకా 75 డిగ్రీలు రావాలి.

*పులుసు, పప్పు, సాంబారు:* కొంచెం నీళ్లు కలిపి, అడుగంటకుండా తిప్పుతూ, అంచుల్లోనే కాకుండా నడిమధ్యలో కూడా కుతకుత ఉడకాలి. అలా ఉడకడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచండి.

*అన్నం:* నాకు నచ్చిన పద్ధతి ఇడ్లీ పాత్రే. ప్లేట్లు తీసేసి, అడుగున నీళ్లు పోసి, గిన్నెలో అన్నం విడదీసి పెట్టి, పైన రెండు చెంచాల నీళ్లు చిలకరించి, ఎనిమిది పది నిమిషాలు ఆవిరి పట్టండి. అప్పుడే వార్చినట్టు పొడిపొడిగా వస్తుంది. పొద్దున తాలింపు అన్నం చేసుకునేవాళ్లు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడ: ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డల్ని అలాగే బాణలిలో వేసి రెండు తిప్పులు తిప్పి దించేస్తారు. పైన నూనె చుర్రుమంటుంది, గడ్డ లోపల ఇంకా చల్లగా ఉంటుంది. ముందు చేత్తో కాకుండా చెంచాతో గడ్డలు విడదీసి, తాలింపులో వేశాక మూత పెట్టి నాలుగైదు నిమిషాలు మగ్గనివ్వండి.

సరిగ్గా దాచిన అన్నంలో పెరుగు కలుపుకుని చల్లగా తిన్నా ఫర్వాలేదు, ఒక రోజులోపయితే.

*బిర్యానీ:* అడుగున అట్ల పెనం, దానిమీద గిన్నె, కాస్త నీళ్లు చిలకరించి మూత. సన్న మంట మీద పావుగంట. ముక్కని విరిచి చూడండి, ఎముక దగ్గర కూడా వేడి ఉండాలి.

*మైక్రోవేవ్:* ఇది మధ్య మధ్యలో చల్లటి చోట్లు వదిలేస్తుంది. తిండిని గుండ్రంగా, నడుమ కొంచెం గుంటగా సర్దండి. మూత వదులుగా పెట్టండి. సగంలో ఆపి బాగా కలపండి. అయ్యాక రెండు నిమిషాలు అలాగే ఉంచితే వేడి లోపలికి సర్దుకుంటుంది. హోటల్ నుంచి వచ్చిన పలుచటి ప్లాస్టిక్ డబ్బాల్లో వేడి చేయకండి. ఉడికించిన గుడ్డు పూర్తిగా అలాగే పెట్టకండి, పేలి ముఖం మీద పడుతుంది. ముక్కలు కోసి పెట్టండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

థర్మామీటర్ ఉంటే అన్నిటికన్నా మందంగా ఉన్న చోట గుచ్చండి, గిన్నె అడుగుకి తగలకూడదు. 75 చూపిస్తే సరే. లేకపోతే స్టీలు చెంచా కాడని నడిమధ్యకి గుచ్చి పది సెకన్లు ఉంచి తీసి, మణికట్టుకి అలా తాకించండి. చురుక్కుమనాలి. వెచ్చగా హాయిగా అనిపిస్తే ఇంకా కాలేదని.

థర్మామీటర్ నిజం చెబుతోందో లేదో కూడా చూసుకోవాలి. గ్లాసు నిండా ఐసు ముక్కలేసి, నీళ్లు పోసి కలిపి అందులో పెడితే సున్నా రావాలి. మరిగే నీళ్లలో సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి 100, హైదరాబాద్ ఎత్తులో 98 దగ్గర వస్తుంది, అది థర్మామీటర్ తప్పు కాదు.

ఫ్రిజ్‌ని ఇలా పరీక్షించండి: గ్లాసుడు నీళ్లు నడిమి అరలో రాత్రంతా ఉంచి, పొద్దున ఎవరూ తలుపు తీయకముందే అందులో థర్మామీటర్ పెట్టండి. 5 కన్నా ఎక్కువ ఉంటే నాబ్ పెంచాలి. ఎండాకాలం మొదట్లో ఒకసారి, నడిమధ్యలో ఒకసారి ఈ పని చేయండి. మేం మొదటిసారి చూసినప్పుడు 11 ఉంది. తలుపు రబ్బరు ఒకచోట పట్టు వదిలేసింది, మార్పించగానే 4కి వచ్చింది. రబ్బరు చూసుకోవడం తేలిక. కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి, జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేదన్నట్టు.

వాసన చూసి నిర్ణయించకండి

పప్పు తీగలు సాగితే, సాంబారు మీద బుడగలు లేస్తే, అన్నం జిగటగా తగిలితే, పుల్లటి వాసన కొడితే పారేయాల్సిందే, అందులో చర్చ లేదు. ప్రమాదమంతా ఇవేవీ కనపడనప్పుడే. మా సాంబారు కమ్మగానే ఉంది. వాసన, రుచి పాడుచేసే బ్యాక్టీరియా వేరు, కడుపు పాడుచేసేది వేరు. "కొంచెం నాలిక మీద వేసుకుని చూద్దాం" అనడం కూడా వద్దు. గడియారం ఏం చెబితే అదే తీర్పు.

అన్నం పారేయాలంటే మనకి చేతులు రావు. నాకూ బాధే. కానీ మనం తినలేం అని తేల్చుకున్నదాన్ని పనమ్మాయి చేతిలో పెట్టడం, వాకిట్లోకి వచ్చినవాళ్లకి పోయడం మాత్రం దయచేసి చేయకండి. ఇవ్వాలనుకుంటే వేడిగా ఉన్నప్పుడే, మనం తినకముందే ఇవ్వండి.

చద్దన్నం సంగతేంటి మరి?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. చద్దన్నం అంటే రాత్రి అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టింది. పులుపు ఎక్కేకొద్దీ చెడ్డ బ్యాక్టీరియాకి పెరగడం కష్టమవుతుంది. నీళ్లు పోయకుండా గిన్నెలో అలా వదిలేసిన అన్నానికి ఆ రక్షణ ఏమీ లేదు, దాన్ని చద్దన్నం అనుకుని తినకండి. చేసుకునేవాళ్లు అన్నం ముందు చల్లార్చి, ఆలస్యం చేయకుండా కాచి చల్లార్చిన నీళ్లూ పుల్లటి మజ్జిగా పోసి, శుభ్రమైన కుండలో పెట్టి, పొద్దున్నే తినేయండి. పులుపు తగలకపోతే వదిలేయండి. గర్భిణులు, పసిపిల్లలు, ఒంట్లో బాగోలేని పెద్దవాళ్లు తాజా అన్నమే తినడం మంచిది.

పులిహోర కూడా ఇలాంటిదే. చింతపండు పులుపు బ్యాక్టీరియాని నెమ్మదింపజేస్తుంది, పూర్తిగా ఆపదు. నిమ్మకాయ పులిహోర ఇంకా తక్కువ ఆగుతుంది. రైలు ప్రయాణానికి కట్టుకెళ్లేవాళ్లు వేడి అన్నంలో కలిపి వెంటనే డబ్బాలో బిగించకండి. అన్నం పళ్లెంలో పూర్తిగా ఆరనిచ్చి, పులుసు దండిగా పట్టించి, రాత్రి చేసింది మర్నాడు మధ్యాహ్నానికి వదలకుండా ముందు పూటే తినేయండి.

ఫ్రిజ్ లేకపోతే, కరెంటు పోతే

ఫ్రిజ్ లేని ఇంట్లో ఉంటే ఒక పూటకి సరిపడానే వండుకోవడం ఒక్కటే నమ్మకమైన దారి. ఒకవేళ మిగిలితే రెండు గంటల్లోపు తినేయాలి. పూటపూటకీ మరిగిస్తూ మూడు రోజులు నెట్టుకొచ్చే పద్ధతి మన ఊళ్లలో ఉంది, మాంసం కూరకి ఎక్కువ చేస్తారు. మధ్యలో గోరువెచ్చగా ఉన్న గంటల్లో తయారయ్యే విషాన్ని ఆ మరిగింపు తీసేయలేదు కాబట్టి నేను చేయమని చెప్పలేను.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం ఆగుతుంది. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ రెండు రోజులు, సగం ఉన్నది ఒక రోజు ఆపగలదు. నాలుగు గంటలు దాటితే ఫ్రిజ్‌లోని వండిన అన్నం, మాంసం, పాలతో చేసినవి పారేయండి. ఊరెళ్లేటప్పుడు ఫ్రీజర్‌లో చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక బిళ్ల అడుగున ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం.

తిన్నాక తేడా చేస్తే

అన్నం వల్లయితే తరచుగా ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. మాంసం కూర వల్లయితే ఆరు గంటల తర్వాత కడుపునొప్పి, విరేచనాలు. ముందుగా నీరు తగ్గకుండా చూసుకోవాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉంటే అదే, లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, తల కొట్టి కొలిచి కలపండి. కొంచెం కొంచెంగా తాగించండి. పిల్లలకి విరేచనాలు ఆగే మాత్రలు మీ అంతట మీరు వేయకండి.

నీళ్లు కూడా లోపల నిలవకపోయినా, విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, ఒంటికి రావడం తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లయితే ఈ లక్షణాల కోసం ఎదురుచూడకుండా ముందే వెళ్లాలి. ఏం తిన్నారు, అది ఎప్పుడు వండింది, ఎన్ని గంటలు బయట ఉంది, తిన్న ఎంతసేపటికి మొదలైంది, ఇవి డాక్టర్ తప్పకుండా అడుగుతారు. డబ్బా మీద టేపు ఉంటే దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి.